ఆ క్లిప్ ఆడే కంప్యూటర్

వీడియో ఎడిటింగ్‌కి చవకలో మంచి కంప్యూటర్ ఏదండీ అని ఎవరైనా అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. మీ దగ్గరున్న క్లిప్పుల్లో అన్నిటికంటే మొండిది ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకి వెళ్ళండి, అది ఆగకుండా ఆడే డబ్బా ఏదైతే అదే కొనుక్కోండి అంటాను. రంగురంగుల లైట్లు చూడొద్దు, అద్దాల క్యాబినెట్ చూడొద్దు, షాపువాడి నోరు అసలే వినొద్దు. ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా ఆయన పోయిన కొన్నాళ్ళకి, బందరు నుంచి గుడివాడకి బస్సులో తిరిగి తిరిగి సంపాదించుకున్నది.

మా ఆయన పెళ్ళిళ్ళకి వీడియో తీసేవారు. ఆయన తీసుకొచ్చినదాన్ని నేను ఇంట్లో కూర్చుని ఎడిట్ చేసేదాన్ని. మా వైపు దాన్ని మిక్సింగ్ అంటారు. మాకు పిల్లలు లేరు. ముందు గది స్టూడియో, వెనక గది ఇల్లు. బయట తిరుగుడు ఆయనది, టేబుల్ నాది. పెళ్ళయిన కొత్తలో క్యాసెట్ల కాలంలోనే నన్ను ఆ టేబుల్ ముందు కూర్చోబెట్టారు. క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి, పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి, నేను మాత్రం ఆ టేబుల్ ముందు నుంచి లేవలేదు. బందరులో, గుడివాడలో, అటు దివిసీమలో ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో నాకే తెలియదు. వాటిలో నేను భోజనం చేసినవి మాత్రం చాలా తక్కువ.

మిక్సింగ్ అంటే పాటలు వెయ్యడమని జనం అనుకుంటారు. కాదు. సగం పని శబ్దాలు తీసెయ్యడమే. మైకు కెమెరా మీద ఉంటుంది. కెమెరా వెనకాలే మా ఆయన నోరు ఉంటుంది. ఆ నోరు ఊరుకునే రకం కాదు. "తమ్ముడూ, ఆ కొబ్బరి బోండాం పక్కకి పెట్టు." "పంతులుగారూ, తాళి ఇంకొక్కసారి పైకెత్తి చూపించండి, మీ పుణ్యం ఉంటుంది." "అక్కయ్యగారూ, మీరలా అడ్డం నిలబడితే పెళ్ళికూతురు నాకు కనపడద్దా?" మంత్రం వినపడాలి, సన్నాయి వినపడాలి, మధ్యలో ఈ కేకలు వినపడకూడదు. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరాలి. ఒక్కోసారి విసుగొచ్చి, "నోరు మూసుకుని తియ్యలేరా మీరు?" అనేదాన్ని. "నోరు మూసుకుంటే ఒక్కళ్ళన్నా కదులుతారటే? అందరూ రేషన్ కార్డు ఫొటోకి నిలబడ్డట్టు నిలబడిపోతారు" అనేవారు.

మా పనిలో కెమెరామ్యాన్ గొంతుకి చోటు లేదు. వాళ్ళ పెళ్ళిలో వాళ్ళే ఉండాలి. అసలు ఎవరూ తీయనట్టు, దానంతటదే జరిగినట్టు ఉంటేనే మంచి వీడియో. అందుకని ఆయన మాట్లాడినదంతా నేనే తీసేశాను. పార్టీ వచ్చి, వీడియో చూసుకుని, బాగుందండీ అన్న కొన్నాళ్ళకి అసలు ఫుటేజీ కూడా చెరిపేసి ఆ హార్డ్ డిస్కులో తర్వాతి పెళ్ళి ఎక్కించేవాళ్ళం. ఈ పని చేసే వాళ్ళందరూ ఇలాగే చేస్తారు. ఎవరి ఇంట్లోనూ హార్డ్ డిస్కులు చెట్లకి కాయవు.

ఆయన తీసిన ఆఖరి పెళ్ళి దివిసీమలో, నాగాయలంక దాటి లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో. పెళ్ళికూతురు ముందే చెప్పేసింది, వీడియో సినిమాలా ఉండాలని. మా పాత కెమెరా సినిమాకి కాదు కదా, సీరియల్‌కి కూడా పనికిరాదని ఆయనకి తెలుసు. విజయవాడలో కెమెరాలు అద్దెకిచ్చే అతని దగ్గర కొత్త కెమెరా తీసుకున్నారు. పాత కెమెరాని స్టాండు మీద పెట్టి దానికో మనిషిని మాట్లాడుకున్నారు. కొత్తది చేత్తో పట్టుకుని తనే తిరిగారు. పెళ్ళి నుంచి వచ్చినప్పుడు చూడాలి ఆయన ముఖం. స్నానం కూడా చెయ్యకుండా కార్డుల్లో ఉన్నది హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తూ, "ఈసారి నీ పని చాలా సులువే" అన్నారు. మంచి బొమ్మ తెచ్చానని చెప్పుకుంటున్నారనుకున్నాను. ఆ మర్నాడే కెమెరా విజయవాడ పంపించేశారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున్న, రొయ్యలు తెస్తానని గిలకలదిండి వెళ్ళారు. హార్బర్‌లో వేలం పాట జరుగుతుంటే అందరితో పాటు నిలబడి చూస్తూ చూస్తూ కూలబడిపోయారట. ఐసు మోసేవాళ్ళు ఆటోలో వేసి ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికే అయిపోయింది. ఆయన చొక్కాకి చేపల వాసన, ఐసు తడి. ఇంతకన్నా ఆ రోజు గురించి రాయలేను.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఇంట్లో శబ్దం పోయింది. మనిషి పోయిన బాధ ఒకటి. గొంతు పోయిన బాధ ఇంకోటి అని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన లేని ఇంట్లో కుర్చీ చూస్తే ముఖం గుర్తొచ్చేది, చెప్పులు చూస్తే నడక గుర్తొచ్చేది. గొంతు మాత్రం ఎంత వెతికినా దొరికేది కాదు. ఆయన మాటలన్నీ గుర్తున్నాయి, కానీ అవి నా లోపల నా గొంతుతోనే వినపడేవి. కొంచెం బొంగురు, వాక్యం చివర పైకి లేస్తుంది అని మీకు వర్ణించి చెప్పగలను. వినలేకపోయాను. అది నన్ను పిచ్చిదాన్ని చేసింది.

ఫోన్ వెతికాను. వాట్సాప్‌లో ఆయన మాట్లాడి పంపే రకం కాదు. బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటారు, లేకపోతే ఫోన్ చేస్తారు. ఊరందరికీ వీడియోలు తీసిన మనుషులం, మా ఇద్దరిదీ ఒక్క వీడియో లేదు. చుట్టాలని అడిగాను. ఒక పెళ్ళిలో ఫోన్‌తో తీసిన వీడియో ఒకటి పంపారు. అందులో ఆయన చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నారు. వెనక డీజే. ఆయన నోరు కదలడమే కానీ మాట రాదు.

అప్పుడు గుర్తొచ్చింది, నాగాయలంక పెళ్ళి ఫుటేజీ. ఆ ఒక్కటే నా చెయ్యి పడనిది. ఆయన మాట్లాడినదంతా అందులో ఏ మాటా తియ్యకుండా ఉంటుంది. హార్డ్ డిస్క్ టేబుల్ సొరుగులోనే ఉంది. వెంటనే తీసి కంప్యూటర్‌కి తగిలించాను.

స్టాండు మీద పెట్టిన పాత కెమెరా ఫైళ్ళు మా కంప్యూటర్‌లో మామూలుగానే తెరుచుకున్నాయి. వాటినిండా మేళం, మంత్రాలు, మైకు. ఆయన ఫ్రేమ్‌లో అటూ ఇటూ తిరుగుతుంటారు, ఎప్పుడూ వీపే. చెమటకి అతుక్కుపోయిన ఆ నీలం చొక్కా నేను ఇస్త్రీ చేసిందే. మాట ఒక్కటీ అందలేదు. ఇక కొత్త కెమెరా ఫైళ్ళు నొక్కాను. తెర నల్లగా అయింది. కాసేపటికి ఒక బొమ్మ వచ్చి బిగుసుకుపోయింది. శబ్దమూ లేదు. ఇంకోటి నొక్కాను, అదీ అంతే. ఈ కొత్త కెమెరాలు చిన్న దిండు గలీబులో పెద్ద బొంత కుక్కినట్టు బొమ్మని కుక్కేస్తాయి. దాన్ని విప్పాలంటే కంప్యూటర్‌కి సత్తా ఉండాలి. మాది పదేళ్ళ ముసలిది. బొమ్మే విప్పలేనిది, మాటేం విప్పుతుందిలే అనుకున్నాను.

ఊళ్ళో ఇంకో స్టూడియో వాళ్ళ దగ్గర మంచి కంప్యూటర్ ఉంది. వెళ్ళి అడిగితే చూపించేవాళ్ళే. కానీ పదిమంది పిల్లలు పనిచేసే గదిలో, వాళ్ళ స్పీకర్లలో, వాళ్ళు చూస్తుండగా ఆయన గొంతు వినడం నాకు ఇష్టం లేదు. ఏడవడానికైనా నా ఇల్లు నాకుండాలి.

ఈలోగా పెళ్ళికూతురి తల్లి ఫోన్ చేసింది. చాలా మర్యాదస్తురాలు. ముందు మా ఆయన గురించి బాధపడింది, నేను తిన్నానో లేదో అడిగింది, తర్వాత కాసేపు నసిగింది.

"ఏమీ అనుకోకండమ్మా. మీరేమో ఇంత కష్టంలో ఉన్నారు. మిక్సింగ్ మీరే చేస్తారా, ఇంకెవరన్నా చేస్తారా అని... మా వియ్యాలవారికి తెలిసిన స్టూడియో ఉందండీ గుడివాడలో. ఆ హార్డ్ డిస్కు ఇచ్చేస్తే వాళ్ళే చూసుకుంటామన్నారు."

ఆమె అడగనిది కూడా నాకు వినపడింది. ముఖాన బొట్టు లేని మనిషి కొత్త పెళ్ళి వీడియో మీద చెయ్యి పెట్టడం వాళ్ళ ఇంట్లో ఎవరికో నచ్చలేదు. ఇదివరకైతే అక్కడే నాలుగు దులిపేదాన్ని. ఆరోజు నాకు కోపం కన్నా భయం ఎక్కువగా వేసింది. కాపీ పెట్టుకుందామంటే నా దగ్గర ఖాళీ డిస్కు లేదు. హార్డ్ డిస్క్ వెళ్ళిందంటే గుడివాడలో ఎవరో కుర్రాడు మొదట చేసే పని ఆ గొంతు తీసెయ్యడమే. నేనైనా అదే చేస్తాను. పని అలాగే ఉంటుంది మరి.

"కొంచెం టైమివ్వండమ్మా. ఆయన ఒప్పుకున్న పని. నేనే పూర్తి చేసిస్తాను" అన్నాను.

ఆమె ఏమనుకుందో కానీ సరే అంది.

అలా మొదలైంది నా కంప్యూటర్ వేట. ముందు బందరులో ఉన్న షాపులు చూశాను. ఒకాయన లాప్‌టాప్ తీసుకోమన్నాడు, ఎక్కడికైనా పట్టుకెళ్ళచ్చమ్మా అని. నేనెక్కడికి పట్టుకెళ్తాను, వెనక గదిలోకా? అదే డబ్బుకి డెస్క్‌టాప్‌లో ఎక్కువ సత్తా వస్తుంది, పాడైతే ఒక్కో భాగం మార్చుకోవచ్చు, ఎండాకాలం ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా చేసే రెండరింగ్ పెడితే లాప్‌టాప్‌లా ఉడికిపోదు. ఇవి నాకు ముందే తెలుసు. తెలియనిదల్లా డబ్బా లోపల ఏముంటే ఆ క్లిప్ ఆడుతుందన్నదే. గుడివాడలో విడిభాగాలు కూర్చి బిగించి ఇచ్చే షాపులు ఉన్నాయంటే బస్సెక్కాను.

సంవత్సరీకం కాకుండా అన్నిసార్లు ఊరు దాటుతున్నానని వీధిలో గుసగుసలు నా చెవిన పడ్డాయి. పడనిచ్చాను.

పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడానికి ఒక క్లిప్ ఎంచుకోవాలి. పేర్లు చూస్తే అన్నీ అంకెలే, ఏది ఏమిటో తెలియదు. అన్నిటికంటే పెద్ద ఫైలు తీసుకున్నాను.

మొదటి షాపులో కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి మర్యాద చేశారు. షాపాయన అద్దాల క్యాబినెట్ చూపించాడు. లోపల నాలుగు ఫ్యాన్లు, నాలుగు రంగులు, శ్రీరామనవమి పందిరిలా ఉంది.

"వీడియో ఎడిటింగ్ అంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందేనండీ మేడమ్. ఇది పెట్టుకుంటే ఇంక మీరు తిరిగి చూసుకోనక్కర్లేదు."

"ఈ క్లిప్ ఆడించి చూపించండి" అన్నాను.

ఆయన పెన్‌డ్రైవ్ పెట్టి, హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చాడు. ఇక్కడ, ఈ ఫ్యాన్ల ముందు, మజ్జిగ గ్లాసు పక్కన, ఈయన చూస్తుండగానా అనిపించింది.

"సౌండ్ వద్దండీ. బొమ్మ చాలు" అని హెడ్‌ఫోన్స్ తిరిగిచ్చేశాను.

బొమ్మ వచ్చింది. పెళ్ళికూతురిని గంపలో మోసుకొస్తున్నారు. రెండడుగులు వేసి ఆగారు. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ ఆగారు. షాపాయన ఏవేవో నొక్కాడు, ఏదో డౌన్‌లోడ్ చేశాడు, చివరికి ఫైలే పాడైందన్నాడు. తన డబ్బాకి చేతకాకపోతే నా ఫైలు పాడైందట. లేచి వచ్చేశాను.

ఇంకో షాపుకి ఇంకో రోజు వెళ్ళాను. అక్కడా పెద్ద కార్డే, అక్కడా అదే నడక. నా దగ్గరున్న సొమ్ము సంగతి చెప్పగానే ఆయన నా తలమీంచి వీధిలోకి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. బస్టాండులో కూర్చుని ఆరోజు ఏడుపు ఆపుకోలేకపోయాను. పక్కన గుడ్లవల్లేరు వెళ్ళే కాలేజీ ఆడపిల్లలు ఉన్నారు. ఒకమ్మాయి మంచినీళ్ళ సీసా ఇచ్చింది కానీ ఏమీ అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ ఆ పిల్లని తలుచుకుంటాను.

ఇంటికొచ్చి మా మిక్సింగ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. అందరూ తలో మాటా అన్నారు. వాటిలో పనికొచ్చేది ఒకటే ఉంది. ఈ రకం కెమెరా ఫైళ్ళని చాలా గ్రాఫిక్స్ కార్డులు విప్పలేవని, కొన్ని కొత్త ప్రాసెసర్ల లోపలే ఉండే చిన్న గ్రాఫిక్స్ వాటిని ఇట్టే విప్పేస్తుందని. అలాంటి ప్రాసెసర్ మధ్యరకంది తీసుకుని, కార్డుకి పెట్టే సొమ్ముతో ర్యామ్ ఎక్కువ వేయించుకోమని, ఫుటేజీకి వేగమైన డ్రైవ్ ఒకటి పెట్టించమని. అది రాసుకుని మళ్ళీ గుడివాడ వెళ్ళాను. ఈసారి రైల్వే స్టేషన్ వైపు చిన్న షాపు. మజ్జిగ లేదు, మర్యాదలూ లేవు. షాపాయన నా కాగితం చూసి, "ఇదైతే రెడీగా ఉందండీ, వేరేవాళ్ళు చెప్పి మానేశారు" అని ఒక నల్ల డబ్బా చూపించాడు. లైట్లు లేవు, అద్దాలు లేవు.

"ఇది పెట్టి చూడండి. సౌండ్ మాత్రం వద్దు" అన్నాను.

గంపలో పెళ్ళికూతురు వచ్చింది. ఎక్కడా ఆగలేదు. నెమ్మదిగా, మెత్తగా, పడవలో వస్తున్నట్టు వచ్చింది. జడలో పువ్వు ఒకటి రాలింది, అది గాలిలో తిరుగుతూ కిందికి దిగేదాకా కనపడింది. స్లో మోషన్ అని తెలుస్తూనే ఉంది. అందులో వింతేమీ తోచలేదు. మా పాత కెమెరాలో తీసినవాటిని కూడా పాటల కోసం నేనే టేబుల్ మీద నెమ్మదిగా చేసేదాన్ని, అప్పుడు కూడా అసలు క్లిప్‌లో మాట ఉండేది. నాకు మాత్రం ఇంట్లో ఉన్న తెల్ల స్పీకర్లే కళ్ళ ముందున్నాయి. "ఇది ఇచ్చెయ్యండి" అన్నాను. బేరం కూడా ఆడలేదు. ఆరోజు నా బుర్ర ఎక్కడుందో తెలియదు.

అట్టపెట్టెని సీటు పక్కన పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. పెడనలో ఎక్కిన ఒక పెద్దావిడ, "టీవీయా అమ్మా?" అని అడిగింది. కంప్యూటర్ అన్నాను. "పిల్లలకా?" అంది. "మా ఆయనకి" అని వచ్చేసింది నోట్లోంచి. ఆవిడ సంతోషించింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చేలల్లో నాట్లు పడుతున్నాయి. చాలా రోజుల తర్వాత నాకు ఆకలి వేసింది.

మర్నాడు పొద్దున్న ఇల్లు ఊడ్చి, స్నానం చేసి, వీధి తలుపు గడియ పెట్టి అన్ని వైర్లూ బిగించుకున్నాను. స్పీకర్ల దుమ్ము తుడిచాను. పక్కన తువ్వాలు పెట్టుకున్నాను, ఏడుపు వస్తుందని నాకు తెలుసు. గంప క్లిప్ నొక్కాను.

బొమ్మ వచ్చింది. మాట రాలేదు.

స్పీకర్ వైరు చూసుకున్నాను. వేరే పాట పెడితే గది అదిరిపోయింది. ఇంకో క్లిప్ నొక్కాను. ఇంకోటి. తలంబ్రాలు గాలిలో తేలుతూ పడుతున్నాయి, మాట లేదు. అప్పగింతల్లో తండ్రి భుజాలు కదులుతున్నాయి, ఏడుపు లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి క్లిప్పులన్నీ వరసగా టైమ్‌లైన్ మీద వేశాను. బొమ్మ పట్టీ కింద శబ్దం పట్టీ ఒకటి ఉంటుంది, మాట ఉన్నచోట రంపం పళ్ళలా గీతలు లేస్తాయి. ఆయన కేక ఎక్కడుందో నేను వినకుండానే ఆ గీతలు చూసి చెప్పేదాన్ని. ఇక్కడ గీతలు లేకపోవడం కాదు, ఆ పట్టీయే లేదు. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క క్లిప్‌కి కూడా లేదు.

విజయవాడ కెమెరా అతనికి ఫోన్ చేశాను. మా ఆయన్ని అన్నయ్య అనేవాడు, నన్ను వదినగారు అంటాడు.

"కొత్త కెమెరా ఫైళ్ళలో సౌండ్ రావట్లేదు బాబూ. ఏం నొక్కాలో చెప్పు" అన్నాను.

"సౌండ్ ఉండదండీ వదినగారూ. అన్నయ్య మొత్తం స్లో మోషన్‌లో తీస్తానని పెట్టించుకున్నాడండీ. ఆ మోడ్‌లో ఈ కెమెరా సౌండ్ రికార్డు చెయ్యదండీ."

"ఎక్కడో ఒకచోటైనా మామూలుగా తీసుంటారు కదా?"

"లేదనుకుంటానండీ. నేనప్పుడే చెప్పాను, సౌండ్ అసలు రాదన్నయ్యా, చూసుకో అని. మంత్రాలూ మేళం స్టాండు కెమెరాలో వస్తాయి, దీంట్లో నా కేకలు తప్ప ఏముంటాయిరా అన్నాడండీ." అతను చెప్పాలా వద్దా అనుకున్నట్టున్నాడు. "మీ వదినకి ఆ కేకలు ఏరుకోవడంతోనే కళ్ళు పోతున్నాయిరా, ఈసారైనా దానికి ఆ బాధ ఉండదు అని కూడా అన్నాడండీ."

నేను ఫోన్ పెట్టేశాను. టేబుల్ మీద తల పెట్టుకుని ఎంతసేపున్నానో తెలియదు. ఆయన మీద కోపం వచ్చింది. ఇంతకాలం నా విసుగంతా ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసిన మనిషి, పోయే ముందు ఒక్కసారి నా మాట విన్నారు. నన్ను సుఖపెడదామనుకున్నారు. దాన్ని తప్పని ఎవరితో అనను? అలా అని సంతోషించే శక్తి కూడా లేదు నాకు. ఆ రోజు తువ్వాలు మాత్రం ఏ పనికి పెట్టుకున్నానో ఆ పనికే వాడాను, కారణమే వేరు.

ఒప్పుకున్న పని కాబట్టి మొదలుపెట్టాను. కొత్త కంప్యూటర్ మీద మరీ తేలిగ్గా నడిచింది. తీసెయ్యాల్సిన శబ్దం ఒక్కటీ లేదు. బొమ్మ కోసి, వరసలో పెట్టి, స్టాండు కెమెరా నుంచి మంత్రం తెచ్చి వేసి, పైన పాట పరిస్తే అయిపోయింది. ఇంతకాలంలో ఏ పెళ్ళీ నేను అంత తొందరగా పూర్తి చెయ్యలేదు. పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళండమ్మా అని చెప్పాను.

వాళ్ళు వస్తామన్న రోజు మధ్యాహ్నం, వాడకుండా మిగిల్చిన క్లిప్పులు చూస్తూ కూర్చున్నాను. కెమెరా వైపు చూసేసినవాళ్ళు, నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళు, మామూలుగా మేము పడేసే ముక్కలు అవి. వాటిలో ఒక మామ్మగారు ఉంది. పెళ్ళికూతురికి నాయనమ్మ అయి ఉండాలి. మండపం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. ఉన్నట్టుండి కెమెరా వైపు తిరిగింది. కళ్ళు పెద్దవయ్యాయి. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక నుంచి నవ్వు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ముఖమంతా పాకింది.

ఆయన ఏమన్నారో నాకు తెలుసు. ముసలివాళ్ళు కనపడితే ప్రతి పెళ్ళిలోనూ అనే మాటే. ఎన్ని పెళ్ళిళ్ళలోంచి ఆ మాట కోసి పారేశానో. క్లిప్ వెనక్కి తిప్పాను. ఆవిడ ఇటు తిరిగే సమయానికి సరిగ్గా, ఆయన అన్నట్టే, చివర కాస్త పైకి లేపుతూ గట్టిగా అన్నాను. "మామ్మగారూ, తాతగారు చూస్తున్నారు, కాస్త సిగ్గుపడండీ!"

మాట ముందే అయిపోయింది, నవ్వు ఇంకా రాలేదు. మళ్ళీ తిప్పాను. ఈసారి ఒక్కో అక్షరం సాగదీసి, గొంతు బొంగురు చేసి అన్నాను. కొంగు లేచేసరికి మాట పూర్తయింది. కుదిరింది.

గదిలో వినపడింది నా గొంతే. తెర మీద మామ్మగారు మాత్రం ఆయన మాటకే నవ్వుతోంది.